పందొమ్మిదో తారీఖు

అమీర్‌పేట మెట్రో కింద, సాయంత్రం ఐదు దాటింది. మొగుని కోసం మందు ఇడిసెటోళ్ల మీటింగు దేవులాడుకుంట చంద్రావతి వచ్చిందని కేకు డబ్బా వట్టుకోని నిలవడ్డాయన అనుకుంటున్నడు. ఆమె వచ్చింది మీటింగు కోసం కాదు, ఆయన నోట్లకెళ్లి ఒక్క మాట కోసం. మూడేండ్ల పగ కొంగున ముడేసుకోని మరీ వచ్చింది.

"...అటు కాదక్కా, ఇటు. కేకు డబ్బా వట్టుకోని నిలవడ్త అని ఫోన్ల చెప్పిన గదా. నేనే."

"చూసిన అన్నా. చూసే ఆగిన. గీ కోచింగోళ్లు కాయితాలు చేతుల కుక్కుతుండ్రు. జావా అంట, ఇంకేందో అంట. నా వయసుకు జావా నేర్పుతరట."

"తీస్కోని సంచిల ఏస్కో. తీస్కోకపోతె ఇడువరు. చంద్రావతక్కవే గదా?"

"ఆఁ, చంద్రావతినే. మీ పేరు?"

"రఘు అను అక్కా. మా కాడ ఇంటి పేర్లు అడుగరు, ఊర్లు అడుగరు. సగం పేరుతోనే నడుస్తది."

"సగం పేరు. పద్ధతి మంచిగనే ఉన్నది. మిగిలిన సగం ఎక్కడ దాస్తరు?"

"దాసుడేం లేదక్కా. సిగ్గుతోని రాకుండ ఉండొద్దని. తొవ్వ దొరికిందా మంచిగ?"

"ఏం తొవ్వ అన్నా. నిన్న సుత వచ్చి దేవులాడిన. మీకు బోర్డు లేదు, ఏం లేదు. ఒకాయనను అడిగిన, మందు మీటింగు ఎక్కడ అని. వైన్ షాపు ఎనుక పర్మిట్ రూం చూపిచ్చిండు. గీడ్నే అక్కా, రోజు అయితది మీటింగు అన్నడు."

"మందు మీటింగు అంటె గట్లనే చూపిస్తరు. మందు ఇడిసె మీటింగు అని అడగాలె."

"ఒక్క మాట తక్కువైతె ఎక్కడికో తోలుతరు."

"అంతే అక్కా. మీ ఆయన రాలే?"

"తొవ్వల కలుస్తడు."

"ఎక్కడ?"

"పంజగుట్ట దిక్కు. ఎప్పుడు గాడ్నే ఉంటడు."

"డ్యూటీనా?"

"డ్యూటీ లెక్కనే. గా జాగ ఇడిసి రాడు."

"ఆటో ఎక్కుదామా? వాన వచ్చేటట్టున్నది."

"ఒక్క స్టేషన్ దూరానికి ఆటో ఎందుకు? నడుద్దాం. నడుసుకుంట ముచ్చట వెట్టుకోవచ్చు. ఇలాయిచి తింటవా?"

"వద్దక్కా. ఇలాయిచి సుత ఇడిసిన నేను."

"ఇలాయిచి ఏం పాపం చేసింది?"

"పాత రోజులు యాదికొస్తయ్. ఏం పని జేస్తడు మీ ఆయన?"

"కటింగ్ మాస్టరు. శ్యాం మాస్టరు అంటె బల్కంపేటల అందరికి ఎర్కే. ఆయన కత్తిరిస్తడు, నేను కుడ్త. సిరిసిల్ల మాది. మగ్గం ఇడిసి కత్తెర వట్టిండు."

"పనితనం ఉన్నోళ్లకే ఈ రోగం జల్ది అంటుతది. ఎన్నేండ్ల సంది తాగుతుండు?"

"ఇప్పుడు ముడ్తలేడు."

"ముడ్తలేడా? పొద్దుగాల లేవంగనే కావాలె అంటివి మొన్న?"

"అన్ననా?"

"అన్నవక్కా. చేతులు వణుకుతయ్, ఒక గుటక వడ్తెగని సూదిల దారం ఎక్కదు అన్నవ్. నాకు మంచిగ యాదున్నది."

"గది పాత ముచ్చట. నోరు జారిన. మూడేండ్ల సంది చుక్క ముట్టలే ఆయన. మా యల్లమ్మ మీద ఒట్టు."

"మూడేండ్లా? మరి మీటింగు ఎందుకక్కా? మూడేండ్లు ముట్టనాయన వచ్చి మాకే చెప్పాలె."

"ఇడిసినోళ్లు ఎట్లుంటరో చూద్దామని వచ్చిన. బుగ్గలు వస్తయా, నిద్ర వడ్తదా, పెండ్లం పిల్లలు మంచిగ మాట్లాడ్తరా. నీకు అన్ని వచ్చినట్టే ఉన్నయ్."

"దేవుని దయ. ఏడు కిలోలు పెరిగిన."

"కనవడ్తుంది. ఎన్నేండ్లాయె నువ్వు ఇడిసి?"

"ఇయ్యాలటికి మూడు. కేకు గందుకే."

"పుట్టినరోజన్నవ్ గదా ఫోన్ల? పందొమ్మిదికి నా పుట్టినరోజు, కేకు కోస్తం, గా దినమే రా అక్కా అంటివి."

"అదే ఇది."

"ఏది అదే? మీ అమ్మ నిన్ను కన్న దినమా, కాదా?"

"కాదు కాదు. అమ్మ కన్నది కార్తీకంల. గది ఇంట్ల చేస్తరు. మా మీటింగుల పుట్టినరోజంటె మందు ముట్టని మొదటి రోజు. ముందురోజు దాక ఉన్న తాగుబోతు సచ్చిండు, తెల్లారి కొత్తోడు పుట్టిండు అన్నట్టు."

"ఎవరు సచ్చిండు?"

"తాగుబోతు. పాతోడు."

"ముందురోజు సచ్చింది తాగుబోతు అంటవ్."

"మాట వరసకక్కా."

"నేను సుత మాట వరసకే అడుగుతున్న. అంటె పద్దెనిమిదికి తాగినవ్."

"ఆఁ. పద్దెనిమిదికి తాగిందే ఆఖరు. పందొమ్మిది సంది ముట్టలే."

"మూడేండ్ల కింద. జూన్ పద్దెనిమిది."

"అవ్. గంత గట్టిగ అడుగుతవేందక్కా?"

"మా ఆయనకు చెప్పొద్దా మరి? తారీఖుల కాడ ఆయనకు మస్తు పట్టింపు. ఎంత తాగినవ్ ఆనాడు?"

"లోపట చెప్త తియ్, అందరి ముందల."

"లోపట మందిల నాకేం ఇనవడది. ఇరవై ఏండ్లు మిషన్ సప్పుడుకు చెవులు కరాబైనయ్. ఈడ చెప్పు. జర గట్టిగ, నిమ్మలంగ."

"పగటీలి మొదలువెట్టినం. సోమాజిగూడల దోస్తు ఆఫీసు. ఏడింటి దాక కూసున్నం. ఆరో ఏడో పెగ్గులు, తర్వాత ఎవరు లెక్కవెట్టలే."

"ఏడింటికంటె పొద్దు గూకుతుంటది."

"గూకీ గూకక."

"ఇంటికెట్ల వోయినవ్? నడుసుకుంట వోయినవా, ఆటోల వోయినవా?"

"అక్కా, ఇటు వద్దు. గీ సందుల పడి పోదాం."

"సక్కగ రోడ్డుండంగ సందెందుకు?"

"అలవాటు. నేను ఎప్పుడు సోమాజిగూడ తిరిగే పోత మీటింగుకు."

"ఎప్పటి సంది అలవాటు?"

"మస్తు రోజులాయె."

"గింత దూరానికి గంత తిరుగుడా? మా ఆయన గీ రోడ్డు మీదనే ఉంటడు. కలువొద్దా? పద... ఆగు, ఫోను. ఆఁ నిరోషా, చెప్పు బిడ్డా. మీటింగుకే పోతున్న. దొరికిండు... అదే, దొరికింది, జాగ దొరికింది. లే బిడ్డా. పొద్దటి సంది లే అన్న గదా, నీ మీద ఒట్టు. చేతులా? మంచిగనే ఉన్నయ్. ఇను, కొంచెంసేపైనంక నీకొకటి వస్తది. తారక్ సారుకు ఇయ్యి. ఎందుకని అడుగకు, ఇయ్యి గంతే. వెడ్తున్న."

"బిడ్డనా అక్కా?"

"నా బిడ్డనే. డిగ్రీ సదువుతుంది."

"ఏం లే అంటున్నవ్?"

"అన్నం తినలే అంటున్న. నీకెందుకు? నడువు."

పంజగుట్టల, ఒక మెట్రో పిల్లర్ కాడ ఆమె ఆగింది. ఆయన నాలుగడుగుల ఎనుకనే ఆగిండు.

"రా. గాడ్నే నిలవడ్డవేంది?"

"మీ ఆయన ఏడక్కా?"

"గీడ్నే."

"ఎవ్వరు లేరు గదా."

"కిందికి చూడు. ఫుట్‌పాత్ మీద నాలుగు బండలు కొత్తయి. పాతయి తీసేసిండ్రు. గప్పుడు మీదికెళ్లి బండి ఎక్కితె పలిగినయ్."

"అక్కా, నాకు జర తల తిరిగినట్టయితుంది. పోదాం పద."

"రాఘవేందర్, తండ్రి రాజనర్సయ్య. కోర్టుల బంట్రోతు మూడుసార్లు గట్లనే పిలిచెటోడు. మూడోసారికి నువ్వు వచ్చి బోనుల నిలవడెటోనివి. తెల్లంగి, నుదుటికి బొట్టు. ఆరు వాయిదాలు. నేను ఎనుక బల్ల మీదనే కూసున్న. ఒక్కసారి మర్లి చూడలే నువ్వు."

"నువ్వు... శ్యాంసుందర్ గారి..."

"ఆయన పేరు యాదికున్నది, మంచిదే. నా పేరు సుత కాయితాలల్ల ఉండె. మొన్న ఫోన్ల చెప్పిన. ఇప్పుడు మెట్రో కింద నువ్వే పలికినవ్, చంద్రావతక్కవే గదా అని. నీ పెదవి సుత వణకలే."

"మర్చిపోయిన అక్కా."

"మరుస్తవ్. మరుసుడు నీ వంతు, యాది వెట్టుకునుడు నా వంతు. గట్లనే పంచుకున్నం మనం."

"లేదక్కా, రాసుకున్న. మా దాంట్ల ఒక మెట్టుంటది. ఎవరెవరికి అన్యాయం చేసినమో రాసుకోవాలె. అండ్ల నువ్వున్నవ్."

"ఏమని ఉన్న? పేరు ఎర్క లేదంటివి."

"...టైలరు భార్య అని."

"టైలరు భార్య."

"రాసినంక పోయి కలువాలె. కలుద్దామనే—"

"అనుకోని సోమాజిగూడ తిరిగి పోయినవ్. జడ్జి నిన్ను అడిగిండు, తాగి నడిపినవా అని. ఏమన్నవ్?"

"వకీలు నేర్పిన మాట అక్కా."

"ఏమన్నవ్?"

"తాగలేదు సార్ అన్న."

"బ్రేకులు వడలే అన్నవ్. గా సాయంత్రం బండి ఇడిసి ఉర్కినవ్. మర్నాడు పగటీలి తానం జేసి, బొట్టు వెట్టుకోని వచ్చి లొంగినవ్. అప్పుడు నీ రక్తంల ఏం దొర్కుతది? ఏం దొర్కలే. మా ఆయననే అడ్డమొచ్చిండని రాసి కేసు కొట్టేసిండ్రు. ఫుట్‌పాత్ మీద నడిసెటాయన బండికి ఎట్ల అడ్డమొస్తడు? చెప్పు."

"రాడు."

"చేతుల సంచి ఉండె. పన్నెండు జాకెట్లు, ఒక్క పెండ్లింటియే. రోడ్డంత పడ్డయ్. నేనే ఏరుకున్న. రెండిటికి రక్తమంటింది. ఆయనింక దవాఖానకెళ్లి ఇంటికి రాలే, నేను కూసోని మిగిలిన పది జాకెట్లకు హుక్కులు కుట్టిన. పెండ్లి ఆగదు గదా. తెల్లారి ఇచ్చి పంపిన. తెల్లారి అంటె పందొమ్మిది. నువ్వు పుట్టిన దినం."

"నీ కాళ్లు మొక్కుత అక్కా."

"మొక్కకు. కేకు వడ్తది."

"ఏం జేస్తె నీ పాణం నిమ్మలమైతది చెప్పు."

"నేనేం మొక్కిన్నో ఎర్కనా? బల్కంపేట యల్లమ్మకు మొక్కిన. వాడు తాగి తాగి కార్జం కరాబై సావాలె తల్లీ, రోడ్డు మీద పడి సావాలె, నీళ్లు పోసెటోడు సుత ఉండొద్దు అన్న. మూడేండ్లు మొక్కిన. నువ్వేమో మందు ఇడిసి, ఏడు కిలోలు పెరిగి, కేకు డబ్బా వట్టుకోని నిలవడ్డవ్. యల్లమ్మ సుత నీ దిక్కే ఉన్నది."

"సావాలనే తాగిన అక్కా అంతకు ముందు. గది సుత రాలే."

"ఫోన్ల పందొమ్మిదికి పుట్టినరోజు, కేకు కోస్తం అన్నప్పుడు నా ఒళ్లు మండింది. మా ఆయన వోయిన తెల్లారికి పండుగ జేస్తుండు, వీడు మనిషేనా అనుకున్న. పుట్టినరోజంటె పుట్టినరోజే అనుకున్న మరి. గీ తారీఖు లోపల ఏమున్నదో ఇయ్యాల నువ్వే ఇప్పి చూపిచ్చినవ్. పద్దెనిమిదికి తాగిన అన్నవ్. ఎక్కడ తాగినవో, ఎన్నింటి దాక తాగినవో, ఎన్ని పెగ్గులో, అన్ని నీ నోటితోనే."

"నాకు నీకు తప్ప ఎవరికి ఇనవడ్డదక్కా? రేపు ఎవరు నమ్ముతరు?"

"గిది చూడు. ఎవరి ఫోను గిది? మా ఆయనది. గీ బండల మీదనే దొర్కింది. అద్దం పలిగింది కని మాట మంచిగ వడ్తది. నంబరు బందు కానియ్యలే నేను. మెట్రో కాడి సంది జాకెట్ల వెట్టుకున్న. నా ఫోను మాట్లాడనీకి, ఆయన ఫోను ఇననీకి."

"రికార్డు చేసినవా?"

"తారక్ వకీలు అన్నడు, అప్పీలు ఏసినం కని వాని నోట్లకెళ్లి ఒక్క మాట లేదమ్మా అని. ఇప్పుడున్నది."

"అక్కా, గిది తప్పు. మా పద్ధతిల ఒకరు చెప్పుకున్న మాట ఇంకొకరు బయటికి—"

"మీ పద్ధతి తలుపు లోపట. మనం రోడ్డు మీదున్నం."

"డిలీట్ చెయ్యక్కా. దండం వెడ్త."

"కోర్టుల తాగలే అన్న మాట వాపస్ తీస్కో."

"జైలుకు వోత."

"పో."

"బిడ్డున్నది నాకు. మానస. తొమ్మిదేండ్లు. తాగిన నాయన దానికి యాదికి లేడు. ఇప్పుడున్న నన్నే ఎర్క."

"నా బిడ్డకు సుత నాయన ఉండె. తాగని నాయన."

"ఒక్క యేడు ఆగక్కా. ఒక్క యేడు ఆగు, నేనే పోయి—"

"పంపుతున్న. నిరోషకు. తిరుగుతుంది... తిరుగుతుంది... వోయింది. రెండు టిక్కులు వడ్డయ్. ఇప్పుడు తాగబుద్ధయితుందా? పర్మిట్ రూం తొవ్వ నాకెర్క, చూపిస్త పా. ఒక్క గుటకకు నీ మూడేండ్లు వోతయట గదా. మళ్ల ఒకటి నుంచి మొదలట గదా."

"అయితుందక్కా. మస్తు అయితుంది. నోరు ఎండుకపోయింది."

"తాగు మరి."

"తాగ."

"ఎందుకు తాగవ్?"

"తాగితె, నువ్వు పిలిచిన పేరు ఇనవడకుండ అయితది. కోర్టు అయినంక గా పేరు మళ్ల ఇనలే నేను. ఇననియ్."

"గిసొంటి మాటలు లోపట చెప్పుకో. సప్పట్లు కొడ్తరు. నేను కొట్ట."

"కొట్టకు. సరే, జైలుకే వోత. నీ రికార్డు సాలకపోతె నేనే వచ్చి చెప్త. చెప్తనా లేదా నాకే నమ్మకం లేదు, కని చెప్త. నా ధైర్యమంత మందులనే ఉండె, మందుతోని గది సుత వోయింది. ఒక్కటి అడుగనియ్ అక్కా."

"ఏంది?"

"మీ ఆయన తాగెటోడా?"

"జన్మల ముట్టలే. కల్లు సుత."

"మరి సూదిల దారం ఎక్కనిది ఎవరికి? మా నంబరుకు ఇంటోళ్లు మస్తు మంది చేస్తరు. కొడ్తుండంటరు, పనికి వోతలేడంటరు, పోరగాండ్లు భయపడ్తుండ్రంటరు. ఒక గుటక వడ్తెగని దారం ఎక్కదని ఎవ్వరు చెప్పలే. గది చూసెటోళ్లకు తెల్వది. తాగినోళ్లకే ఎర్క."

"నోరు ముయ్యి."

"మెట్రో కాడి సంది ఇలాయిచి నములుతనే ఉన్నవ్. నేను ఏడేండ్లు నమిలిన, వాసన రావద్దని."

"నోరు ముయ్యమన్న."

"ఇయ్యాల వాసన లేదక్కా. కని ఆ ఫోను వట్టిన చెయ్యి చూసుకో. పొద్దటి సంది ముట్టలే నువ్వు. నీ బిడ్డతోని లే లే అన్నది అన్నం ముచ్చట కాదు."

"నీ ముందల తాగి నిలవడొద్దని ముట్టలే. తాగినదాని మాట కోర్టు ఇనదు. గందుకే. ఇంకేం లేదు."

"ఎన్నడు మొదలైంది?"

"నీకెందుకు చెప్పాలె?"

"నాకు కాకపోతె ఇంకెవరికి చెప్తవ్?"

"...దినాలనాడు. అందరికి పోస్తరు గదా ఆనాడు. మా ఆడిబిడ్డ గిలాసల పోసి, తాగు వదినె, నిద్ర వడ్తది అన్నది. నిద్ర వట్టింది. గంతటితోనే ఆగెటిదాన్ని నేను. కని తర్వాత కోర్టాయె. నీ గొంతు ఇన్న. తాగలేదు సార్. ఇంటికొచ్చి మిషన్ తొక్కితె గదే సప్పుడు. తాగలేదు సార్, తాగలేదు సార్, తాగలేదు సార్. కాలు ఆపితెగని ఆగది. కాలు ఆపితె తిండెట్ల? ఒక గుటక వడ్తె గా సప్పుడు ఇనవడకపోతుండె. పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి, పండుకునేటప్పుడు అడుగకు. నువ్వేమో తాగలే అన్నవ్. గా మాట ఇనలేక నేను తాగిన. ఏడువకు. నువ్వు ఏడిస్తె నాకు చల్లగుంటదనుకున్న. ఉంటలేదు."

"మా నంబరు ఎవరిచ్చిండ్రక్కా?"

"నా బిడ్డ. కాయితం మీద రాసి మిషన్‌కు అతికిచ్చింది. వారం దినాలు దాని మీద బట్ట కప్పిన. మొన్న, గది ఇంట్ల లేనప్పుడు చేసిన. నాకోసమే చేసిన. అవుతల నువ్వు ఎత్తి హలో అన్నవ్. గా ఒక్క హలోకు గుర్తువట్టిన. నోట్లకచ్చిన మాట మింగి, మా ఆయన కోసం అన్న."

"ఆరైతుంది. పద లోపటికి."

"నువ్వు పిలిస్తె వస్తననుకుంటున్నవా?"

"నేను పిలుస్తలే. నీ బిడ్డ అతికిచ్చిన కాయితం పిలుస్తుంది."

"మాటలు మస్తు నేర్పిండ్రు నీకు లోపట."

"గవ్వే నేర్పుతరు. వేరేదేం లేదు."

"నీ ఎనుక నడువ నేను. నేను ముందల నడుస్త. తొవ్వ చెప్పు."

"ఎడమ దిక్కు సందు. స్కూలు గేటు."

స్కూలు గేటు కాడ, మీటింగుకు వచ్చెటోళ్లను అర్సుకునే రుద్రమ్మ కూసున్నది. ఒక పక్క చాయ్ ఫ్లాస్కు, ఒక పక్క ఫోన్లు ఏసే బుట్ట.

"ఇప్పుడా రఘన్నా వచ్చుడు? కేకు కోసం అందరు ఎదురు చూస్తుండ్రు. మొఖం గట్లున్నదేంది? గీ అక్క ఎవరు?"

"రుద్రమ్మక్కా, ఈమె—"

"నువ్వు చెప్పకు. నా నోరు నాకున్నది."

"గదీ మాట. మంచిదక్కా, ఫోను గీ బుట్టల ఏసి పో. లోపటి మాట లోపట్నే ఉండాలె."

"ఒకటి కాదు, రెండున్నయ్. రెండు ఏస్త. అండ్ల పోయేది ముందే పోయింది."

"ఏందక్కా?"

"ఏం లే."

"ఒకటి చెప్త, ఏమనుకోకు. ఇయ్యాలటిది తాగెటోళ్ల మీటింగు. ఇంటోళ్లకు ఐతారం నాడు ఉంటది. నువ్వు ఎవరి తరఫున వచ్చినవ్?"

"ఎవరి తరఫున కాదు. నాకోసమే వచ్చిన."

"...రా తల్లీ, రా. లోపట ఇంకిద్దరు ఆడోళ్లున్నరు, నేనున్న. భయపడకు. పేరొక్కటి చెప్పు, సగం చెప్పినా సాలు. ఆఖరుకు ఎన్నడు ముట్టినవ్?"

"సగమెందుకు? చంద్రావతి. నిన్న రాత్రి ముట్టిన, పద్దెనిమిదికి. ఆయన తద్దినం వెట్టి, పండుకునే ముందల. ఇయ్యాల పొద్దటి సంది లే."

"అరె, అట్లయితె నీది రఘన్నది ఒక్కటే తారీఖాయె. ఇన్నవా రఘన్నా? వచ్చే యేడు మీ ఇద్దరికి కలిపి ఒక్కటే కేకు తేవచ్చు."

"ఒక్కటే తే అక్కా, నా కోసమే తే. ఈయన అప్పటికి చంచల్‌గూడ జైల్ల ఉంటడు. గాడ సగం పేరు నడువది, తండ్రి పేరుతోని కల్పి పూర పేరు పిలుస్తరు."